కట్ట వెనుక ఊరు, మడ వెనుక ఊరు

తుపాను తరువాత పార్లమెంటులో జరిగే చర్చకు ఒక ఆనవాయితీ ఉన్నది. మృతుల సంఖ్యపై వివాదం, కేంద్ర సహాయం చాలలేదన్న ఆక్రోశం, జాతీయ విపత్తుగా ప్రకటించాలన్న డిమాండు, చివరకు మంత్రిగారి హామీ. ప్రెస్ గ్యాలరీ నుంచి ఇన్నేళ్లుగా వింటున్న నాకు, తీరాన్ని కాచే మడ అడవుల ప్రస్తావన మాత్రం బహు అరుదుగా చెవిన పడినది.

1999 అక్టోబరు 29న ఒడిశాను తాకిన మహా తుపాను సుమారు 10 వేల మందిని బలిగొన్నది. దివిసీమ ఉప్పెనను మరువని తెలుగు పాఠకులకు ఆ బీభత్సాన్ని వర్ణించి చెప్పనక్కరలేదు. అనంతరం డెహ్రాడూన్‌లోని వన్యప్రాణి సంస్థ శాస్త్రజ్ఞులు రుచి బడోలా, ఎస్.ఎ. హుస్సేన్ భితర్‌కనికా ప్రాంతంలోని మూడు గ్రామాలను పరిశీలించి, 2005లో ఫలితాలను ప్రకటించారు. మడ అడవి చాటున ఉన్న గ్రామంలో కుటుంబానికి సగటు నష్టం 33 డాలర్లు. అడవీ, కరకట్టా రెండూ లేని ఊరిలో 44. అడవి లేక కరకట్ట మాత్రమే ఉన్న ఊరిలోనో, 154! కట్ట తెగి లోపలికి వచ్చిన ఉప్పునీరు వెనుదిరిగి పోవడానికి ఆ కట్టే అడ్డమైనది. తుపాను వచ్చినప్పుడల్లా కరకట్టలకు నిధులు కోరే సభ్యులు (కాంట్రాక్టర్లు కూడా ననుకోండి) చదవదగిన అంకెలివి.

ఊరికీ సముద్రానికీ నడుమ మడ అడవి వెడల్పుగా ఉన్నచోట మరణాలు తక్కువని కేంద్రపడా జిల్లా గ్రామాలపై సౌదామిని దాస్, జెఫ్రీ విన్సెంట్ 2009లో నిరూపించారు. ప్రభుత్వ ముందస్తు హెచ్చరిక అంతకన్నా ఎక్కువ ప్రాణాలను కాపాడినదనీ వారే చెప్పారు. అడవి ఉంటే చాలునని ఎవరూ అనడం లేదు.

1952లో జమీందారీ రద్దయిన తరువాత ఈ అడవి వరిపొలాలకూ, ఆపై రొయ్యల చెరువులకూ బలి అయినది. 1975లో అభయారణ్యంగా, 1998లో జాతీయోద్యానంగా ప్రకటించినందున కొంత మిగిలినది. 2024 అక్టోబరులో దానా తుపాను సరిగ్గా భితర్‌కనికా, ధామ్రాల మధ్యనే తీరం దాటగా, లక్షలాది జనాన్ని ముందే తరలించినందున ప్రాణనష్టం స్వల్పంగానే జరిగినది.

ఇక ఢిల్లీ సంగతి. మడ మొక్కలు నాటేందుకు 2023 బడ్జెట్‌లో ‘మిష్టి’ పథకాన్ని ప్రకటించారు. దానిని అమలు జరిపే పర్యావరణ శాఖే, 2019 నాటి తీర ప్రాంత నోటిఫికేషన్‌లో, జనసాంద్రత గల పల్లెతీరాలలో నిర్మాణ నిషిద్ధ మండలాన్ని 200 మీటర్ల నుంచి 50కి కుదించినది. ఎన్ని మొక్కలు నాటారో మంత్రిగారు సభకు చెబుతారు. వాటిలో ఎన్ని బతికాయని అనుబంధ ప్రశ్న వేసే సభ్యుని కోసం ఎదురుచూస్తున్నాను.