ఆది జాకెట్టు లేకుండా క్రాస్ కంపైల్ చేయొద్దు

లైనక్స్ లాప్‌టాప్‌లో కంపైల్ చేసిన సీ ప్రోగ్రామ్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లి ల్యాబ్‌లోని విండోస్ సిస్టమ్‌లో పెడితే అది కదలదు. రెండిట్లోనూ ఒకే రకం ప్రాసెసర్ ఉన్నా అంతే. లైనక్స్ ప్రోగ్రామ్ ఫైల్‌ది ఎల్ఫ్ ఫార్మాట్, విండోస్‌ది పీఈ. పైగా ఫైల్ తెరవాలన్నా, మెమరీ కావాలన్నా ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఒక్కో రకంగా అడగాలి.

అలాగని విండోస్ కొనుక్కోనక్కర్లేదు. లైనక్స్‌లో కూర్చునే విండోస్‌కి ఎక్స్‌ఈ ఫైల్ తయారు చేయొచ్చు. అదే క్రాస్ కంపైలింగ్. మిన్‌జీడబ్ల్యూ-డబ్ల్యూ64 అనే టూల్స్ ఇన్‌స్టాల్ చేసుకుంటే చాలు. మనమంతా సినిమాలు చూసే వీఎల్‌సీ ప్లేయర్ విండోస్ వెర్షన్‌ని కూడా లైనక్స్ మీద ఇలాగే తయారు చేస్తారు.

హలో వరల్డ్ అయితే రెండు నిమిషాల పని. నాలుగు లైబ్రరీల మీద ఆధారపడ్డ ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ దగ్గరే తలనొప్పి మొదలు. మనిషి ఎదురుగా లేకపోతే టైలర్ ఆది జాకెట్టు అడుగుతాడు కదా, ఇక్కడ ఆ ఆది పేరు సిస్‌రూట్. విండోస్ కోసం కట్టిన హెడర్లు, లైబ్రరీలు ఉండే ఫోల్డర్ అన్నమాట. అది సరిగ్గా చూపించకపోతే పీకేజీ-కాన్ఫిగ్ మన లైనక్స్‌లోని జెడ్‌లిబ్‌ని చూసి "ఉందిగా" అనేస్తుంది. కంపైల్ అవుతుంది, లింక్ దగ్గర బోర్లా పడుతుంది. పీకేజీ_కాన్ఫిగ్_పాత్‌కి కొత్త ఫోల్డర్ కలిపినా పాతవి వెతకడం మానదు, పీకేజీ_కాన్ఫిగ్_లిబ్‌డిర్‌నే మార్చాలి.

కాన్ఫిగర్ స్క్రిప్ట్‌లో 'హోస్ట్' అంటే మన మెషిన్ కాదు, ప్రోగ్రామ్ చివరికి నడవాల్సిన మెషిన్. మనది 'బిల్డ్'. (ఈ పేర్లు ఎవరు పెట్టారో గానీ!) హోస్ట్‌కి ఇచ్చే ఎక్స్86_64-డబ్ల్యూ64-మిన్‌జీడబ్ల్యూ32 చివర 32 చూసి కంగారు పడొద్దు, వచ్చేది 64 బిట్ ప్రోగ్రామే.

ఇవన్నీ ఎర్రర్ చూపించే ఇబ్బందులు, కాబట్టి మంచివే. చడీచప్పుడు లేకుండా ముంచేది 'లాంగ్'. 64 బిట్ లైనక్స్‌లో లాంగ్ అంటే 8 బైట్లు, 64 బిట్ విండోస్‌లో 4 బైట్లే. లైనక్స్‌లో ఏళ్ల తరబడి బాగా నడిచిన కోడ్ లాంగ్‌లో పాయింటర్ దాచుకుని ఉంటే, విండోస్‌లో సగం అడ్రస్ ఎగిరిపోతుంది. ఎఫ్‌టెల్ తిరిగిచ్చేది కూడా లాంగే, అందుకే ఫైల్ 2 జీబీ దాటితే అది చెప్పే లెక్క నమ్మలేం. చిన్న ఫైళ్లతో టెస్ట్ చేసినన్నాళ్లూ ఈ సంగతి బయటపడదు. లాంగ్ బదులు ఇంట్64_టీ, పాయింటర్లకైతే ఇంట్‌పీటీఆర్_టీ వాడాలి. కంపైలర్ ఇచ్చే వార్నింగ్‌లని ఇక్కడైనా చదవండి.

వచ్చిన ఎక్స్‌ఈని ముందు వైన్‌లో నడిపి చూడొచ్చు. కానీ వైన్‌లో నడిచింది కదా అని డెమోకి వెళ్లిపోకుండా అసలు విండోస్ మీద, అదీ మన టూల్స్ ఏవీ లేని సిస్టమ్ మీద ఒకసారి పెట్టి చూడాలి. డీఎల్‌ఎల్ లేదని అరిచేది అక్కడే. స్టాటిక్‌గా లింక్ చేయండి, లేదా ఆ డీఎల్‌ఎల్‌లని ఎక్స్‌ఈ పక్కనే పెట్టి ఇవ్వండి. ప్రాజెక్ట్ జీపీఎల్ లైసెన్స్‌ది అయితే, ఎక్స్‌ఈ తీసుకున్నవాళ్లకి మీరు మార్చిన సోర్స్ కోడ్ కూడా అందేలా చూడాలి.