రహీం సాహెబు: యువకులను తీర్చిన ఉపాధ్యాయుడు

పంటకు నారుమడి యెట్టిదో దేశమునకు బాల్యము అట్టిది. నారు బలహీనమైనచో తరువాత నెంత ఎరువు వేసినను ఫలము స్వల్పము. ఈ సత్యము నెరిగి, తన జీవితమును బాలుర శిక్షణకు ధారపోసిన యొక హైదరాబాదు ఉపాధ్యాయుని కథను మా సభ్యులకు నివేదింపదలచితిమి. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. శిష్యులందరును గౌరవముతో రహీం సాహెబు అని పిలిచెడివారు.

ఆయన 1909వ సంవత్సరమున హైదరాబాదులో జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, ఉపాధ్యాయ వృత్తి నవలంబించి, వ్యాయామ విద్యలో పట్టము పొంది, నగరములోని పాఠశాలలలో బాలురకు ఆటలు నేర్పెను. సుమారు 20 సంవత్సరములు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శిగా నుండెను. ఆయన తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా 5 సార్లు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలిచెను.

ఆయన శిక్షణ పద్ధతి మన రైతులకు సులభముగ బోధపడును. బంతిని తన కాలియొద్దనే యుంచుకొని తిరుగుట నిషేధించి పందెములు నడిపెను. బంతి అందినవాడు వెంటనే తోటివానికి అందింపవలెను. కాలువ మొదట నున్న రైతు నీరంతయు తన చేనికే మరల్చుకొన్నచో చివరి చేను ఎండునుగదా! అట్లే బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నవలెనను నియమముతోను పందెములు పెట్టించెను. వలపట నడచు ఎద్దును దాపటకును మరపిన రైతుకు ఏ చాలునందును చిక్కులేదు.

భారత జట్టునకు ఆయన శిక్షకుడైన పిమ్మట 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో మనవారు ఇరానును 1–0తో గెలిచి స్వర్ణము సాధించిరి. మరుసటి యేడు హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 1–10తో ఓడిరి. నాడు మనవారిలో పెక్కురు వట్టికాళ్లతో ఆడిరి. పరాజయము పొందినవాడు కాడి పారవైచుట సులభము. రహీం సాహెబు అట్లు చేయలేదు. అటుతరువాత మన జట్టు బూట్లు తొడిగి ఆడుట నేర్చెను. 1956లో మెల్బోర్నున ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి, ఒలింపిక్సులో నాలుగవ స్థానము పొందెను. ఆ జట్టులో హైదరాబాదు యువకులు పలువురుండిరి.

ఆయన ఇంటను ఆట యుండెను. కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960లో రోము ఒలింపిక్సునకు వెళ్లిన జట్టులో నొకడు, తరువాత వైమానిక దళములో నుద్యోగించి, అంతర్జాతీయ నిర్ణేతగా పేరొందెను, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారము నందుకొనెను, 2021లో మరణించెను. తండ్రి విత్తినది కుమారుని చేను వరకు పాకినదన్నమాట.

మహమ్మదీయుడైన రహీం సాహెబు తీర్చిన జట్టులో హిందువులు, మహమ్మదీయులు, సిక్కులు, క్రైస్తవులు కలసి ఆడిరి. ఒకరి మతము నింకొకరు గౌరవించుట ఆయన మైదానమున మాటలతో గాక పనితో నేర్పబడెను. 1962లో జకార్తాయందు జరిగిన ఆసియా క్రీడలలో ఈ సంగతి లోకమునకు తెలిసెను. అప్పటికే ఆయనను క్యాన్సరు వ్యాధి పట్టుకొనియుండెను. తొలి పందెమున దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడిరి. తలకు గాయమై 6 కుట్లు పడిన జర్నైల్ సింగును వెనుకకు పంపక, ముందువరుసలో నిలిపిరి. తుది పందెమున, ప్రేక్షకుల విముఖతను సహించి, అదే కొరియాను 2–1తో గెలిచిరి. పి. కె. బెనర్జీ ఒక గోలు, ఆ జర్నైల్ సింగే మరియొక గోలు చేసిరి.

ఆ గెలుపునకు యేడాది నిండకమున్నే, 1963 జూనులో రహీం సాహెబు కన్నుమూసెను. శిక్షకులకు ద్రోణాచార్య పురస్కారము 1985లో గాని ఏర్పడలేదు. 1962 తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మరల స్వర్ణము రాలేదు. 1970లో కాంస్యము మాత్రము లభించెను.

ఇందు మనకేమి పని యని సభ్యులు అడుగవచ్చును. హైదరాబాదు పాతబస్తీలో ఛత్రినాక, లాల్ దర్వాజా వంటి పేటలలో ఇండ్లు దట్టముగ పెరిగినవి. అచ్చటి బాలురకు బంతి తన్నుటకు చోటు దొరకుట కష్టము. గ్రామములయందో చోటు కలదు; శ్రద్ధ వహించువారే కరవు. సాయంకాలములయందు మన కుర్రవాండ్రు ఎక్కడ ప్రొద్దుపుచ్చుచున్నారో ప్రతి తండ్రియు విచారించుకొనవలెను. గ్రామ శ్రేయస్సునకు లాభములలో కొంత తీసియుంచు సంఘములు పాఠశాల యావరణమును చదునుచేయించి, ఒక బంతి కొనియిచ్చి, ఆసక్తిగల యొక ఉపాధ్యాయుని ప్రోత్సహించినచో వ్యయము స్వల్పము, ఫలము గొప్పది. బంతిని తోటివానికి అందించుట నేర్చిన బాలుడు రేపు సంఘమునకు మంచి సభ్యుడగును. తాను గోలు వేయకున్నను జట్టు గెలిచిన సంతసించుటయే సహకారమునకు మొదటి పాఠమని మేము విశ్వసించుచున్నాము.