ఊపిరిని నిలిపే నురుగు

సబ్బునీటితో బుడగలు ఊదని పిల్లలుండరు. వట్టి నీటితో అలా ఊదితే బుడగ నిలవదు. ఎందుకంటే నీటి ఉపరితలం సాగదీసిన పొరలాగా ఎప్పుడూ ముడుచుకోవాలని చూస్తుంది. దీనినే తలతన్యత అంటారు. సబ్బు ఆ బిగువును తగ్గిస్తుంది.

మన ఊపిరితిత్తులలో కోట్లకొద్దీ చిన్న గాలిగదులున్నాయి. వాటి లోపల పలచని నీటిపొర ఉంటుంది. మరి ఊపిరి వదిలినప్పుడల్లా అవి ముడుచుకుపోవేం? ఊపిరితిత్తులే సబ్బులాటి పదార్థాన్ని తయారుచేసుకుంటాయి గనుక!

ఒకప్పుడు నెలలు నిండకుండా పుట్టిన పసివాళ్ళు చాలామంది ఊపిరాడక చనిపోయేవారు. కారణం ఎవరికీ అంతుపట్టలేదు. అమెరికాలోని బోస్టన్ నగరంలో మేరీ ఎల్లెన్ ఏవరీ అనే యువ వైద్యురాలు, జెరీ మీడ్ అనే శాస్త్రజ్ఞుడి వద్ద పరిశోధన చేస్తూ, అలా చనిపోయిన శిశువుల ఊపిరితిత్తులలో నురుగు లేకపోవటం గమనించింది. ఆరోగ్యమైన ఊపిరితిత్తులలో నురుగు ఉంటుంది. ఇద్దరూ తలతన్యతను కొలిచి చూశారు. ఆ పసివాళ్ళలో సబ్బులాటి పదార్థం చాలినంత లేదని 1959లో లోకానికి తెలియజేశారు.

1980లో జపాను వైద్యుడు ఫుజివారా ఆవు ఊపిరితిత్తుల నుంచి ఆ పదార్థాన్ని తీసి, గొట్టం ద్వారా 10 మంది శిశువుల ఊపిరితిత్తులలోకి పంపాడు. వారి ఊపిరి త్వరగా మెరుగుపడింది.

ఈనాడు అటువంటి మందు ఎందరో పసివాళ్ళ ప్రాణాలు నిలుపుతున్నది.