రంగు కింద తుప్పు

సావనీరుకు శాస్త్ర సంబంధమైన వ్యాసం ఏదైనా ఇవ్వమని యూనియన్ మిత్రులు అడిగారు. ఈ కాలేజీలో నేను చదివింది భౌతిక శాస్త్రం. చదివినదాన్ని నాకు మళ్లీ గుర్తు చేసింది మాత్రం బుక్కరాయసముద్రంలో మా పాత ఇంటి కొట్టంలో నిలబడిపోయిన ఒక ఫియట్ కారు. దాన్ని తిరిగి నడిపించాలని 2018లో మొదలుపెట్టిన పని ఆరేళ్లు పట్టింది. అందులో సగం కాలం తుప్పుతో సరిపోయింది. మిగతా సగం, బాగు చేస్తామని చెప్పినవాళ్లు చేసిన నాసిరకం పనిని విప్పుకోవడానికి పట్టింది. ఈ రెండో సగం గురించే ఇక్కడ వ్రాస్తున్నాను. తుప్పు ఎట్లా పడుతుందో పుస్తకాల్లో ఉంది. పని ఎట్లా చెడుతుందో వాటిలో దొరకదు.

ముందు కారు సంగతి. ఇటలీలో పుట్టిన ఫియట్ 1100ను బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు తయారు చేసేవారు. 1964 నుంచి వచ్చిన మోడలుకు 'డిలైట్' అని పేరు. అదే 1970లలో ప్రీమియర్ ప్రెసిడెంటు, ఆ తరువాత ప్రీమియర్ పద్మిని అయింది. బొంబాయి రోడ్ల మీద నల్లపసుపు టాక్సీగా 2023 అక్టోబరు దాకా బ్రతికింది. 1089 సి.సి. ఇంజను, నాలుగు సిలిండర్లు, స్టీరింగు పక్కనే గేరు కడ్డీ. మాది 1968 మోడలు. ఒక యేడు వేరుశనగ బాగా పండితే మా నాన్న సెకండ్ హ్యాండులో కొన్నాడు. 1996లో అది కొట్టంలోకి పోయింది, ఇక బయటికి రాలేదు. ఎనభై దాటిన తరువాత ఆయన ఒకనాడు "నేను పోయేలోపల దాంట్లో ఒక్కసారి చెరువుకట్ట దాకా తీసకపోరా" అన్నాడు. పని మొదలైంది ఆ మాట మీదనే.

మన జిల్లాలో యేడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. సముద్రపు గాలి లేదు. కాబట్టి కారు తుప్పు పట్టి ఉండదని అందరమూ అనుకున్నాం. పైరేకు నిజంగానే బాగుంది. కానీ తుప్పు వానతో మాత్రమే వచ్చేది కాదు. తలుపుల కింద, మనం కాలు పెట్టి ఎక్కే చోట, పొడుగునా బోలుగా ఒక పెట్టె ఉంటుంది. దాంట్లో ముప్పై యేళ్ల దుమ్ము చేరి గట్టి పడింది. కొట్టంలో పక్కనే ఎద్దులను కట్టేవారు. ఆ మూత్రంలోని లవణాలు, నేలలోని చెమ్మ కలిసి లోపలినుంచి రేకును తినేశాయి.

ఈ పెట్టె గురించి కొంచెం వివరంగా చెప్పాలి. జీపులో, లారీలో కింద చాసిస్ అని ఇనుప చట్రం వేరే ఉంటుంది. బాడీ దాని మీద కూర్చుంటుంది. ఫియట్‌లో ఆ చట్రం లేదు. బాడీయే చట్రం. అగ్గిపెట్టె అట్ట ఎంత పలచనైనా పెట్టెగా మడిచినప్పుడు బరువు మోస్తుంది కదా, సూత్రం అదే. తలుపుల కింది పెట్టెలు రెండూ కారుకు వెన్నెముక. వాటిని కోసేటప్పుడు తలుపు సందుల్లో అడ్డంగా ఇనుప కడ్డీలు బిగించి, ఒక పక్క కోసి, అతికి, కొలిచి, ఆ తరువాతే రెండో పక్కకు పోవాలి.

మొదట కారు అప్పగించిన షెడ్డులో రెండు పక్కలా ఒకేరోజు కోసేశారు. అడ్డకడ్డీలు లేవు. ముందు ఇంజను బరువు, వెనుక ఇరుసు బరువు, మధ్యన పట్టుకునేది ఏమీ లేదు. కారు నడుము అర అంగుళం దిగింది. అట్లా దిగిన స్థితిలోనే కొత్త రేకు అతికారు. అంటే వంకరను శాశ్వతం చేశారన్న మాట. తలుపులు పడకపోతే కీళ్లను సుత్తితో కొట్టి సర్దారు. పైగా అతికింది గేట్లకూ ట్రాక్టరు ట్రాలీలకూ వాడే ఆర్కు మిషనుతో. మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉండే రేకుకు ఆ వేడి చాలా ఎక్కువ. అతుకు దగ్గర రేకు కరిగి బెజ్జాలు పడుతుంది, పక్కన ఉబ్బి అప్పడంలాగా ముడుచుకుంటుంది. ఆ బెజ్జాలూ ముడుతలూ కప్పడానికి లప్పం వచ్చింది.

లప్పం అంటే చాలామందికి చిన్నచూపు. నాకు లేదు. పాలియెస్టర్ లప్పం మంచి వస్తువే. నునుపు చేసిన రేకు మీద పలచగా, ఒకటి రెండు మిల్లీమీటర్లు పూస్తే యేళ్లకు యేళ్లు ఉంటుంది. దాన్ని రేకుకు బదులుగా వాడినప్పుడే చిక్కు. ఎండకు ఇనుము కంటే లప్పం కొన్ని రెట్లు ఎక్కువ సాగుతుంది. మన ఊళ్లో మే నెల మధ్యాహ్నం కారు మీద చెయ్యి పెట్టినవాళ్లకు రేకు ఎంత కాలుతుందో తెలుసు. పగలు సాగి రాత్రి కుంచించుకుపోతూ, మందంగా ఉన్న లప్పం ముందు అంచుల్లో వదులుతుంది. రెండో సంగతి, లప్పం నీళ్లు పీలుస్తుంది. పచ్చి లప్పాన్ని నీళ్ల పేపరుతో రుద్ది, ఆరీ ఆరకుండా దాని మీద రంగు కొడితే ఆ చెమ్మ లోపలే చిక్కుకుంటుంది. దానికి బయటికి దారి లేదు, రేకు వైపే పోతుంది.

రంగు ఆకాశనీలం. కొట్టిన రోజు అద్దంలాగా మెరిసింది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. నాలుగు నెలలకు ఎడమ తలుపు కింద పెసరగింజంత బొబ్బలు లేచాయి. ఒకదాన్ని స్క్రూడ్రైవరుతో గుచ్చితే చేతికి నీళ్లు తగిలాయి. ఇంకొంచెం తవ్వితే అరచెయ్యంత లప్పం ఊడి వచ్చింది. దాని వెనుక రేకు లేదు. నలిపి కుక్కిన తెలుగు దినపత్రిక ఉంది. దాని మీద తేదీ చక్కగా చదవవచ్చు. కారు ఆ షెడ్డులో ఉన్న నెలదే. పాత యజమానుల కాలంలో జరిగిన పని ఇది అని వాదించడానికి వాళ్లకు సందు లేకపోయింది. "పెయింటు పడినాక లోపలిది యెవరు జూస్తారు సార్" అన్నాడు అక్కడి మేస్త్రీ. కోపంగా అనలేదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు.

మా ఊరివాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. చెరువుకట్ట తెగబోయే ముందు కూడా పైన గడ్డి పచ్చగానే ఉంటుంది. లోపల ఎలుకబొరియలో నీళ్లు దారి చేసుకుంటూ ఉంటాయి. కట్ట కోసం ప్రాణమిచ్చిన ముసలమ్మ కథను 1899లో కట్టమంచి రామలింగారెడ్డిగారు 'ముసలమ్మ మరణము' కావ్యంగా వ్రాశారు. అప్పటికి ఆయన మీలాగా విద్యార్థి. కట్ట ఎందుకు తెగబోయిందని మాత్రం మనం పెద్దగా అడగం.

ఇంజను పని వేరే చోట చేయించాం. అక్కడా ఒక పాఠం. ఈ ఇంజను దిమ్మె పోతయినుముది, పైన హెడ్డు అల్యూమినియంది. రెండూ వేడికి వేరు వేరుగా సాగుతాయి. అందువల్ల హెడ్డు బోల్టులను మధ్యనుంచి మొదలుపెట్టి బయటికి పోతూ, మూడు నాలుగు విడతల్లో, బలం కొలిచే పానాతో బిగించాలి. మాకు బిగించిన కుర్రవాడు ఒక మూలనుంచి వరుసగా, చేతికి వచ్చినంత బలంతో బిగించుకుంటూ పోయాడు. దానికి తోడు రేడియేటరులో మన బోరు నీళ్లు పోశారు. మన బోర్ల నీళ్లు కాచితే గిన్నెకు తెల్లటి పొర ఎట్లా కడుతుందో ఇంట్లో చూస్తూనే ఉంటాం. ఇంజనులోనూ ఆ పొరే కడుతుంది. వేడి బయటికి పోదు, హెడ్డు వంగుతుంది, గాస్కెట్టు కాలుతుంది. మూడు వందల కిలోమీటర్లు తిరగకముందే నూనెలో నీళ్లు కలిసి, డిప్‌స్టిక్కు మీద మజ్జిగలాగా కనిపించింది. హెడ్డును లేత్‌లో చదును చేయించాం. ఇటువంటి చదును ఎన్నోసార్లు కుదరదు, ప్రతిసారీ కొంత లోహం పోతుంది.

ఇవన్నీ డబ్బుతో తీరేవి. బ్రేకు అట్లా కాదు. ఆ కాలపు కార్లలో నాలుగు చక్రాల బ్రేకులకూ కలిపి ద్రవం పోయే దారి ఒక్కటే. ఎక్కడ ఒక్కచోట కారినా నాలుగూ పోతాయి. ఈ కాలపు కార్లలో రెండు దారులు వేరు చేశారు, ఒకటి పోయినా రెండోది పట్టుకుంటుంది. బ్రేకు ద్రవం పెట్రోలు జాతిది కాదు. దానికి తగిన రబ్బరుతోనే లోపలి కప్పులు చేస్తారు. ఆ రబ్బరుకు కిరసనాయిలు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. మా కారు బ్రేకు సిలిండర్లను ఊడదీసి శుభ్రంగా కిరసనాయిలుతో కడిగి, తుడిచి, కొత్త కప్పులు వేశారు. చూడ్డానికి ఎంతో శ్రద్ధగా చేసిన పని.

2021 దసరాకు నాన్నను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని చెరువు వైపు బయలుదేరాను. ఎదురుగా వేరుశనగ కట్టెతో ట్రాక్టరు ట్రాలీ నిదానంగా పోతోంది. బ్రేకు మీద కాలు పెడితే పెడలు నేల దాకా దిగిపోయింది. మళ్లీ తొక్కినా అంతే. రెండో గేరులోకి దించి హ్యాండ్‌బ్రేకు లాగాను. అది తీగతో పనిచేసేది, ద్రవంతో సంబంధం లేదు. ట్రాలీకి బారెడు దూరంలో కారు ఆగింది. "బ్రేకు పట్టలేదేమిరా?" అని నాన్న ఒక్క మాట అడిగాడు. ఇంటికి నడిచి వచ్చాడు. ఆ తరువాత రెండేళ్లు దాని దగ్గరికి పోలేదు.

ఈ పనులు చేసినవాళ్లను తిట్టి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. ఫియట్ తెలిసిన మేస్త్రీలు చాలామంది పని మానేశారు, కొందరు పోయారు. ఇప్పటి కుర్రవాళ్లు కంప్యూటరు తగిలించి లోపం చదవగలరు. కార్బొరేటరు వాళ్లకు మ్యూజియం వస్తువు. 2019 నుంచి ఇక్కడికి దగ్గరలోనే, పెనుకొండ వద్ద, కియా ఫ్యాక్టరీలో రోబోలు బాడీలు అతుకుతున్నాయి. పాత కారు తలుపు కింది రేకు అతకడానికి మాత్రం ఇప్పటికీ ఒక మనిషి కన్నూ చెయ్యే దిక్కు. బేరం కూడా ఒక కారణం. మొత్తం పనికి గుత్తగా ఒక రేటు మాట్లాడతాం. కనిపించే పనికి మెచ్చుకుంటాం, కనిపించని పనికి డబ్బు దండగ అంటాం. గుత్త పట్టినవాడు కనిపించని చోటే మిగుల్చుకుంటాడు.

రెండోసారి పని 2022లో, అనంతపురంలో ఒక ముసలి గ్యాసు వెల్డరు చేతిలో మొదలైంది. ఆయన మొదటి రోజు ఏమీ కోయలేదు. దారం తీసుకుని తలుపు సందుల్లో మూల నుంచి మూలకు అడ్డంగా కొలిచాడు. కుడి పక్క కొలతకూ ఎడమ పక్క కొలతకూ తేడా వచ్చింది. రెండు పక్కలూ సరిగా ఉంటే ఆ దారాలు సమానంగా రావాలి. ఇది మనం హైస్కూలు జ్యామితిలో చదివినదే. "ముందు నడుము లేపల్ల, రేకు తర్వాత" అన్నాడు. జాకీలతో రోజుకు కొంచెం లేపుతూ, అడ్డకడ్డీలు బిగించి, పాత అతుకులన్నీ కోసి మళ్లీ వేశాడు. చెడిన పనిని విప్పడానికి, మొదటిసారి చేయడానికి పట్టేదానికి రెండింతల కాలం పట్టింది. ఎందుకంటే మంచి రేకు కూడా కొంత అతుకులతోపాటు పోయింది. దాన్ని కొత్తగా కొట్టి మలచాలి.

రంగు పూర్తయ్యాక లైట్లు మిణుకుమన్నాయి. ఇది తమాషా అయిన లోపం. కారులో కరెంటు బాటరీ నుంచి ఒక తీగలో పోయి, బాడీ గుండా తిరిగి వస్తుంది. రంగు కరెంటును పోనివ్వదు. లైటు బోల్టు కింద రంగు గీకకుండా బిగిస్తే తిరిగి వచ్చే దారి మూసుకుపోతుంది. పావలా ఎమరీ పేపరుతో తీరింది. అంతకుముందు ఒకాయన దానికి వైరింగంతా మార్చాలని లెక్క వేసి ఇచ్చాడు.

పాత కార్ల పునరుద్ధరణ నవాబుల వ్యవహారమని కొందరు అంటారు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం రోల్స్ రాయిస్ చూసినవాళ్లకు అట్లా అనిపించడం సహజమే. కానీ మన ఇళ్ల వెనుక నిలబడిపోయిన అంబాసిడర్లకూ ఫియట్లకూ ఇప్పుడు ఒక హోదా వచ్చింది. 2021 జులైలో కేంద్ర రవాణా శాఖ తెచ్చిన నిబంధన ప్రకారం, మొదటి రిజిస్ట్రేషనుకు 50 యేళ్లు దాటిన కార్లనూ ద్విచక్ర వాహనాలనూ వింటేజి వాహనాలుగా నమోదు చేసుకోవచ్చు. షరతు ఏమిటంటే బండి మూలరూపంలోనే ఉండాలి. చాసిస్‌లో, బాడీలో, ఇంజనులో పెద్ద మార్పులు ఉండరాదు. మొదటి షెడ్డువాళ్లు పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను ఎక్కిద్దామని ఎంతో పట్టుబట్టారు. ఒప్పుకుని ఉంటే ఈ దారి మూసుకుపోయేది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2012లో టురిన్ చార్టర్ అని ఒకటి ఆమోదించింది. చేసిన ప్రతి పనినీ వ్రాసి ఉంచాలనీ, ఉన్నదాన్ని సాధ్యమైనంత నిలపాలనీ దాని సారాంశం. పాత కట్టడాల కోసం 1964లో వచ్చిన వెనిస్ చార్టరే దానికి ఒరవడి.

మీలో ఎవరి ఇంట్లోనైనా ఇటువంటి బండి ఉంటే పనికొచ్చే మాటలు రెండు మూడు. చిన్న అయస్కాంతాన్ని పలచటి గుడ్డలో చుట్టి బాడీ మీద జరపండి. ఎక్కడ పట్టు వదులుతుందో అక్కడ రంగు కింద లప్పం మందంగా ఉంది. రంగు కొట్టడానికి ముందు ఒట్టి రేకును మీ కళ్లతో చూడనిదే ఒప్పుకోవద్దు, ఫోటోలు తీసుకోండి. డబ్బు గుత్తగా కాకుండా దశలవారీగా ఇవ్వండి. బ్రేకు పనికి మాత్రం బేరం ఆడవద్దు. ఆషాఢంలో రంగు వేయించవద్దు, ఆ గాలికి మన ఊరి దుమ్మంతా రంగులోనే ఉంటుంది.

మా కారు 2024 ఆఖరుకు నడిచింది. నాన్న ఎక్కాడు. అయితే ముందు తానే బ్రేకు పెడలును చేత్తో నాలుగుసార్లు నొక్కి చూశాడు. ఎడమ వెనుక తలుపును ఇప్పటికీ కొంచెం పైకెత్తి వేయాలి. ఇరవై శాతం ఇథనాలు కలిసిన పెట్రోలుకు పాత రబ్బరు గొట్టాలు ఆగవు కాబట్టి వాటిని మార్చే పని ఈ ఎండాకాలానికి పెట్టుకున్నాం. వింటేజి దరఖాస్తు ఆ తరువాత.