తిరుగని తాళపుచెవి
(పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన కొన్ని సంగతులు)

ఖమ్మము సరిహద్దునుండి భద్రాచలమువరకు గోదావరికి ఇరువైపుల వ్యాపించియున్న అడవి పల్లెలకు మోటారు బండి నేడు విలాస వస్తువు కాదు. 1965లో భద్రాచలమువద్ద వంతెన ప్రారంభము కాకముందు నది దాటుటకు పడవలే ఆధారము. నేడు జీపు, ఆటో, ట్రాక్టరు, మోటారు సైకిలు మారుమూల గూడెములకును చేరినవి. 2019 సెప్టెంబరులో పల్లెప్రగతి కార్యక్రమము ఆరంభమైన పిమ్మట తెలంగాణలోని గ్రామపంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీళ్ల టాంకరు సమకూడినవి. బండి వచ్చినది, దానితోపాటు దాని తాళపుచెవి బాధ్యత కూడ పంచాయతీపై వచ్చినది. ఈ రెండవ సంగతిని మనము అంతగా తలచుటలేదు.

ఒక వానకాలపు రాత్రి దుమ్ముగూడెము మండలములోని ఒక పల్లెలో మేము బస చేసియుంటిమి. ఒక గర్భిణికి నొప్పులు మొదలైనవి. 108 వాహనమునకు ఫోను చేసిరి. అది రోడ్డువరకు వచ్చునుగాని, మధ్యనున్న వాగు దారిలో అంతదూరము ఆమెను గ్రామములోని జీపులోనే తీసికొని పోవలెను. ఆమెను జీపులో కూర్చుండబెట్టిరి. తాళపుచెవి పెట్టి త్రిప్పగా అది కదలలేదు. చక్రము త్రిప్పగా అదియు బిగిసియున్నది. ఒక యువకుడు పటకారు తెచ్చి చెవిని పట్టి త్రిప్పబోయెను. అంతలో పూర్వము లారీ నడపిన ఒక వృద్ధుడు వచ్చి, “ఆగు నాయనా, ఇరిగితే పొద్దున్నదాకా ఈడనే” అని అతని చేయి పట్టుకొనెను. తాను లోపల కూర్చుండి, ఎడమచేత స్టీరింగును కొద్దిగా ఒక ప్రక్కకు లాగి పట్టి, కుడిచేత చెవిని మెల్లగా త్రిప్పెను. టక్కున శబ్దమై తాళము విడిపోయినది. ఆ జీపు సకాలమున రోడ్డు చేరినది.

ఆ వృద్ధుడు చేసిన పనిలో మంత్రమేదియు లేదు. అది ప్రతివారును ఒక నిమిషములో నేర్చుకొనదగిన పని. ఆ పటకారు పని జరిగియుండినచో ఏమయ్యెడిదో చెప్పనక్కరలేదు. అందువలననే ఈ విషయమును సభ్యులముందు వివరముగా ఉంచుచున్నాము.

తాళము లోపల ఏమున్నది?

పూర్వము బస్సులను, కార్లను ముందువైపునుండి ఇనుప హ్యాండిలుతో త్రిప్పి నడిపించెడివారు. 1912లో అమెరికాలో కాడిలాక్ కార్లకు విద్యుత్ స్టార్టరు అమర్చిరి. 1949లో క్రైస్లర్ కంపెనీ తాళపుచెవిని త్రిప్పినంతనే ఇంజను లేచు పద్ధతిని ప్రవేశపెట్టినది. పిమ్మట దొంగల బెడద హెచ్చగా, చెవిని తీసివేసినచో స్టీరింగు కూడ బిగిసిపోవు ఏర్పాటు వ్యాపించినది. నేడు కార్లకు, జీపులకు స్టీరింగు లాకును, మోటారు సైకిళ్లకు, ఆటోలకు హ్యాండిల్ లాకును సాధారణముగా ఉండును.

కావున ఒక్క చెవి మూడు పనులు చేయుచున్నది. ఒకటి, తన పండ్ల గంట్లు సరిపోయినప్పుడే తాళపు గొట్టమును తిరుగనిచ్చును. రెండు, బాటరీనుండి విద్యుత్తును స్టార్టరునకు పంపును. మూడు, స్టీరింగు కడ్డీలోనికి దిగియున్న ఇనుప గడియను వెనుకకు లాగును. బండి కదలనప్పుడు ఈ మూడింటిలో ఏది చెడినదో ముందు గుర్తింపవలెను. మూడింటికిని మందు ఒకటి కాదు.

చెవి తిరుగదు, స్టీరింగు కదలదు

ఇది తరచుగా జరుగునది. ఇందు చెడినది ఏదియు లేదు. బండిని పల్లముననో, ముందు చక్రము చెట్టువేరునకు ఆనియుండగనో, చక్రములు ఒక ప్రక్కకు తిరిగియుండగనో నిలిపి చెవి తీసినప్పుడు, గడియ కడ్డీ గంటులో దిగును. టైరునకు గల ఒత్తిడి కడ్డీని త్రిప్పబోవును. కడ్డీ గడియను నొక్కి పట్టును. నొక్కబడిన గడియ వెనుకకు రాదు.

వానకాలమున తలుపు ఉబ్బి గడియ బిగిసినప్పుడు ఇల్లాలు ఏమి చేయును? గడియను సుత్తితో కొట్టదు. ఒక చేత తలుపును కొద్దిగా నెట్టి, రెండవ చేత గడియను తీయును. స్టీరింగు లాకును తీయు విధానమును సరిగా ఇదియే. స్టీరింగును రెండువైపులను మెల్లగా త్రిప్పి చూడవలెను. ఒకవైపు అది ఏమాత్రమును కదలదు. రెండవవైపు స్వల్పముగా ఆడును. ఆడినవైపు త్రిప్పి పట్టి, అదే సమయమున చెవిని తేలికగా త్రిప్పవలెను. ఒకమారు కాకున్న మరియొకమారు చేయవలెను. మోటారు సైకిలు, ఆటోల విషయమున హ్యాండిలును కొద్దిగా ఇటునటు ఊపుచు చెవి త్రిప్పవలెను. గోటితో పోవుదానికి గొడ్డలి ఎత్తరాదు.

చెవి దూరదు, లేక దూరియు తిరుగదు. స్టీరింగు మాత్రము స్వేచ్ఛగా ఉన్నది

ఇక్కడ దోషము చెవిలోనో, తాళపు గొట్టములోనో ఉన్నది. గొట్టములో సన్నని ఇత్తడి రేకులు, వానిని నెట్టు చిన్న స్ప్రింగులు వరుసగా ఉండును. దుమ్ము చేరినచో రేకులు కదలవు. చెవి అరిగినచో రేకులు తమ స్థానమునకు రావు. ముందుగా రెండవ చెవితో ప్రయత్నింపవలెను. రెండవ చెవితో తిరిగినచో మొదటిది అరిగినదని నిశ్చయము. రెండవదియు తిరుగనిచో గొట్టమును శుభ్రపరుపవలెను.

మన ప్రాంతమున పలువురు తాళములో ఇంజను నూనెయో, కొబ్బరినూనెయో పోయుచుందురు. ఆ రోజునకు పని జరుగును. నెల తిరుగకమునుపే ఆ జిడ్డుకు ఎఱ్ఱమట్టి దుమ్ము అంటుకొని ముద్దయగును. నూనెకు బదులు గ్రాఫైటు పొడి మేలు. అది దొరకనిచో మెత్తని పెన్సిలు ముల్లును చెవి పండ్లపై రుద్ది, చెవిని పలుమారులు లోపలికి పెట్టి తీయవలెను.

అరిగిన చెవిని చూపి నకలు చేయించినచో ఆ అరుగుదలకే నకలు వచ్చును. అరగని రెండవ చెవినుండియో, బండి కొన్నప్పుడు ఇచ్చిన చెవి సంఖ్యనుబట్టియో క్రొత్తది చేయింపవలెను. ఆ సంఖ్య గల చిన్న రేకును పారవేయరాదు. చెవి లోపల విరిగినచో మిగిలిన ముక్కతో పొడుచుట, బంక పూసి లాగుట చేయరాదు. తాళముల పనివానిని పిలువవలెను.

చెవి తిరుగును, ఇంజను లేవదు

ఈ సందర్భమున తాళమును నిందించుట అన్యాయము. దీపములు వేసి చూడవలెను. దీపములు వెలుగక, లేక మసకగా వెలిగి స్టార్టు చేయునప్పుడు ఆరిపోయినచో బాటరీ బలహీనమైనదని గాని, దాని కొనలు వదులై తెల్లని పూత పట్టినవని గాని గ్రహింపవలెను. కొనలను శుభ్రపరచి బిగించినంతనే అనేక బండ్లు లేచును. దీపములు బాగుగా ఉండి స్టార్టరు పలుకనిచో ఫ్యూజును, పిమ్మట చెవి వెనుకనున్న స్విచ్చిని పరీక్షింపజేయవలెను.

ట్రాక్టరు విషయము వేరు. పెక్కు ట్రాక్టర్లలో క్లచ్చి నొక్కి, గేరు న్యూట్రలులో ఉంచినగాని స్టార్టరు పనిచేయదు. ఇది లోపము కాదు, ప్రాణరక్షణకై చేసిన ఏర్పాటు. దీనిని తీగలు కలిపి తప్పించువారు ప్రమాదమును పిలుచుకొనువారు. మరియు అనేక పాత ట్రాక్టర్లలో చెవి త్రిప్పినంతమాత్రమున ఇంజను ఆగదు. డీజిలు ఆపు పిడిని లాగవలెను. పిడి లాగి ఇంజను ఆపినవాడు చెవిని త్రిప్పి తీయుట మరచినచో తెల్లవారుసరికి బాటరీ ఖాళీయగును.

క్రొత్త కార్లలో చెవి పిడియందు చిన్న చిప్పు ఉండును. బండి ఆ చిప్పును గుర్తింపనిచో స్టార్టరు తిరిగినను ఇంజను అందుకొనదు. ముందు పలకపై తాళపు గుర్తు గల దీపము వెలుగుచు ఆరుచు ఉండును. అట్టిచోట రెండవ చెవియే తొలి పరీక్ష. ఆటోమేటిక్ గేరు బండి అయినచో గేరు పార్కు స్థానమున ఉన్నదో లేదో కూడ చూడవలెను.

నడచుచున్న బండిలో చెవి తీయరాదు

ఇంతవరకు చెప్పినది కాలహరణము. ఇక చెప్పబోవునది ప్రాణహాని. కొందరు డ్రైవర్లు డీజిలు పొదుపు చేయుదుమని పల్లములో ఇంజను ఆపి బండిని వదలుదురు. భద్రాచలమునుండి చింతూరు మీదుగా మారేడుమిల్లికి పోవు ఘాట్ రోడ్డువంటి చోట ఇది ఆత్మహత్యతో సమానము. ఇంజను ఆగినచో పెక్కు బండ్లలో బ్రేకునకు అందు సహాయము రెండు మూడు నొక్కులతో తీరిపోవును. పవరు స్టీరింగు బరువెక్కును. ఆపైన చెవి చివరి స్థానమునకు తిరిగి బయటికి వచ్చినచో గడియ పడును. మలుపులో స్టీరింగు తిరుగని బండికి లోయయే గతి. చెడిన బండిని నెట్టునప్పుడును, త్రాటితో లాగునప్పుడును ఇదే నియమము: చెవి తాళములోనే ఉండవలెను, స్టీరింగు విడిగా ఉన్నట్లు ముందే చూచుకొనవలెను.

వరద వచ్చినప్పుడు

మన ప్రాంతమునకు ఇది ప్రత్యేకముగా చెప్పవలసిన మాట. భద్రాచలమువద్ద గోదావరి 43 అడుగులు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీయగును. 1986లో నీటిమట్టము 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును ఎగసినది. హెచ్చరిక వచ్చిన రాత్రి డ్రైవరు వేరే ఊరిలో ఉండి, చెవి అతని జేబులో ఉన్నచో, లాకు పడిన బండిని పదిమంది కలిసియు దారి త్రిప్పి మెరకకు చేర్చలేరు. కనుక వరద దినములలో ప్రతి బండి రెండవ చెవియు గ్రామములోనే ఉండవలెను.

మునిగి తేలిన బండిలో ఆత్రముతో చెవి త్రిప్పరాదు. ఇంజనులో నీరున్నచో లోపలి కడ్డీలు వంగును. ముందుగా బాటరీ తీగ విప్పి, మెకానికుచే చూపింపవలెను. తాళములో చేరిన ఒండ్రును మంచినీటితో కడిగి, బాగుగా ఆరనిచ్చిన పిమ్మటనే చెవి పెట్టవలెను.

పంచాయతీ చేయదగినది

ట్రాక్టర్లకు సాధారణముగా స్టీరింగు లాకు ఉండదు. పైగా ఒకే తయారీకి చెందిన అనేక ట్రాక్టర్లకు ఒకే విధమైన చెవి పట్టును. అందుచేత చెవి ఎవరి చేతిలో ఉన్నదన్నదే అసలు కాపలా. సభ్యులు ఈ క్రింది ఏర్పాట్లను సమావేశములో చర్చించి అమలుపరచుట మంచిది.

1. ప్రతి బండికిని రెండు చెవులుండవలెను. ఒకటి డ్రైవరువద్ద, రెండవది పంచాయతీ కార్యాలయములో. కార్యాలయపు పెట్టె ఎక్కడ ఉన్నదో సర్పంచికిని, కార్యదర్శికిని, మరియొక సభ్యునికిని తెలిసియుండవలెను.

2. చెవి సంఖ్య, ఇచ్చిన తేదీ, పుచ్చుకొన్నవాని సంతకము రిజిస్టరులో వ్రాయవలెను.

3. రెండవ చెవిని మూడు నెలలకొకమారు తాళములో పెట్టి త్రిప్పి చూడవలెను. ఆపదనాడు తొలిసారి పరీక్షించుట తగదు.

4. బరువైన చెవుల గుత్తిని బండి తాళమునకు వ్రేలాడదీయరాదు. ఆ బరువునకు తాళము త్వరగా అరుగును.

5. బండిని సమమైన నేలపై, చక్రములు తిన్నగా ఉంచి, చేతి బ్రేకు వేసి నిలుపవలెను. ఇట్లు నిలిపిన బండికి లాకు బిగియుట అరుదు.

6. లైసెన్సు లేనివారికి, పిల్లలకు చెవి ఈయరాదు. మైనరు బండి నడపి నేరము చేసినచో, 1988 మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణ ప్రకారము సంరక్షకుడు లేక బండి యజమాని మూడేండ్లవరకు జైలుశిక్షకును, 25,000 రూపాయల జరిమానాకును పాత్రుడగును.

వీనిలో దేనికిని పెద్ద వ్యయము లేదు. ఒక చిన్న పెట్టె, ఒక నోటు పుస్తకము, ఒక గంట ముచ్చట చాలును. ఆ గంటలో బండిని మధ్య నిలిపి, స్టీరింగు లాకు ఎట్లు పడునో, ఎట్లు విడునో సభ్యులును, యువకులును, మహిళా సంఘముల వారును తమ చేతులతో చేసి చూడవలెను. ఆనాడు జీపులో కూర్చున్న తల్లికి కావలసినది క్రొత్త బండి కాదు. ఉన్న బండి తాళమును తీయ తెలిసిన ఒక చేయి. అట్టి చేతులు ప్రతి గ్రామములోను పదియైనను ఉండవలెనని మా కోరిక.