చెయ్యి పెట్టలేని ఉయ్యాల

గోడ గడియారంలో టైము చెప్పేది ఏది? సెల్లు అంటారు చాలామంది. సెల్లు శక్తి ఇస్తుంది గాని టైము చెప్పదు. లోపల చిన్న క్వార్ట్జ్ ముక్క ఉంటుంది. మన ల్యాబ్‌లోని శృతిదండం ఆకారంలోనే ఉండి, సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను 15 సార్లు సగం చేస్తూ పోండి, సరిగ్గా 1 వస్తుంది. అదే ఒక సెకను!

ఇదే పనిని ఇప్పుడు సిలికాన్ చిప్పులో చెక్కిన అతి చిన్న కడ్డీలతో కూడా చేయిస్తున్నారు. కంటికి ఆనని కడ్డీని ఊపేదెట్లా? ఊగుతోందని తెలిసేదెట్లా? నేను చదివి తెలుసుకున్నది రాస్తున్నాను.

ఊపడం: తల దువ్విన ప్లాస్టిక్ దువ్వెనను కాగితం ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరి అంటుకుంటాయి గదా! అది విద్యుదావేశాల ఆకర్షణ. చిప్పులోనూ అంతే. కడ్డీ పక్కన, తగలకుండా, ఒక పలక ఉంటుంది. మధ్య సందు ఒక మైక్రోమీటరు అటూ ఇటూ, అంటే మన వెంట్రుక మందంలో యాభయ్యో వంతో, ఇంకా తక్కువో. వోల్టేజి ఇస్తే కడ్డీ పలకవైపు వంగుతుంది, తీసేస్తే వెనక్కి పోతుంది. 1989లో అమెరికాలోని బర్కిలీలో విలియం టాంగ్, క్లార్క్ న్గుయెన్, రోజర్ హౌ అనేవారు రెండు దువ్వెనల పళ్ళు ఒకదాని సందుల్లో ఒకటి దూరినట్టు సిలికాన్‌ను చెక్కి, ఇట్లా ఊపి చూపించారు.

కాని ఆ లాగుడు బలం చాలా తక్కువ. మామిడి కొమ్మకు కట్టిన ఉయ్యాలను చూడండి. సమయానికి తోస్తే చిన్న పిల్లవాడైనా పెద్దవాణ్ణి ఊపగలడు. అడ్డదిడ్డంగా తోస్తే ఉన్న ఊపు కూడా పోతుంది. ఫిజిక్స్ పుస్తకంలోని 'అనునాదం' ఇదే.

కనిపెట్టడం: సమయానికి తోయాలంటే ఉయ్యాల ఎక్కడుందో తెలియాలి. కడ్డీ, పలక కలిస్తే ఒక కెపాసిటర్. కడ్డీ దగ్గరికొస్తే దాని కెపాసిటీ పెరుగుతుంది, దూరమైతే తగ్గుతుంది. స్థిరమైన వోల్టేజి పెట్టి ఉంచితే, ఈ మార్పు వల్ల అతి చిన్న కరెంటు అటూ ఇటూ పారుతుంది. ఆ కరెంటును పెద్దది చేసి, సరైన క్షణంలో మళ్ళీ తోపుగా ఇస్తారు. అందుకే కడ్డీ ఆగకుండా ఊగుతుంది.

ఈ ఉయ్యాలకు గాలే అడ్డు. కాబట్టి గాలి తీసేసి మూత వేస్తారు. 2018లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక ఆసుపత్రిలో ఎం.ఆర్.ఐ. యంత్రం బిగిస్తుంటే హీలియం లీకయింది. అక్కడి ఐఫోన్లు, యాపిల్ వాచీలు సుమారు 40 పనిచేయడం మానేశాయి! హీలియం పరమాణువులు మరీ చిన్నవి గనుక, మూసిన గదిలోకి కూడా దూరి ఊగుడును చెడగొట్టాయి. కొన్నాళ్ళకు వాయువు బయటికి పోయాక చాలావరకు మళ్ళీ పనిచేశాయి.

ఈసారి ఉయ్యాల ఊపేటప్పుడు కళ్ళు మూసుకుని, అప్పుడప్పుడూ మాత్రమే మెల్లగా తోసి చూడండి. బలం ఉన్నా ఊపు రాదు. తోయడానికి ముందు కనిపెట్టడం ఎందుకో మీకే తెలుస్తుంది.