జనవరి నెల బియ్యపు గింజలు

జనవరి ఒకటో తేదీన ఒక బియ్యపు గింజ డబ్బాలో వెయ్యండర్రా. రెండో తేదీన రెండు, మూడో తేదీన నాలుగు, ఇలా రోజూ రెట్టింపు. ముప్ఫై ఒకటో తేదీ వచ్చేసరికి డబ్బాలు చాలవు, లారీలు కావాలి. మొత్తం గింజలు 214,74,83,647. రెండుని ముప్ఫై ఒక్కసార్లు వేసి గుణించి, అందులో ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య ఇదే. ఈ గింజల్ని సమానమైన కుప్పలుగా పొయ్యమంటే ఎవరివల్లా కాదు. అంతా కలిపి ఒకే కుప్ప, లేదా గింజకో కుప్ప. అంటే ఇది ప్రధాన సంఖ్య.

ఇది ప్రధాన సంఖ్యేనని మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి 1644లోనే అన్నాడు, రుజువు మాత్రం ఇవ్వలేదు. 1772లో ఆయిలర్ అనే గణితజ్ఞుడు తేల్చాడు. అప్పటికి ఆ పెద్దాయన సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంటున్నాడు, చూపు దాదాపుగా పోయింది.

మామూలు దారిలో వెళితే ఎంత పనో చూడండి. ఏ సంఖ్యకైనా వర్గమూలం దాటిన భాజకం ఉంటే, దానికి జోడీ వర్గమూలం లోపలే దొరుకుతుంది. కాబట్టి 46,340 దాకా వెతికితే చాలు. అయినా అందులో ప్రధాన సంఖ్యలు 4,700కు పైనే! ఆయిలర్ అన్నిటినీ భాగించలేదు. ఈ సంఖ్యకు ప్రధాన భాజకమంటూ ఉంటే, దాన్ని 62తో భాగించినప్పుడు శేషం 1 రావాలి. 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ రావాలి. ఈ రెండు షరతులకూ నిలిచేవి నాలుగు వందలు కూడా లేవు. వాటిలోనూ ప్రధాన సంఖ్యలు కానివాటిని తీసేస్తే మిగిలేవి 84. వాటిలో ఒక్కటీ భాగించలేదు. భాజకం ఎక్కడ దాక్కోగలదో ముందే కనిపెట్టడం, అదీ గొప్పతనం!

ఇలాంటి సంఖ్యలు వింతకే గానీ ఎందుకూ పనికిరావని, ఇంతకంటే పెద్దవాటి కోసం ఎవరూ వెతకరని 1811లో బార్లో అనే ఇంగ్లీషు గణితజ్ఞుడు రాశాడు. కానీ 1876లో లూకాస్ అనే గణితజ్ఞుడు 39 అంకెల ప్రధాన సంఖ్యను పట్టుకున్నాడు. 2024లో దొరికినదానికి నాలుగు కోట్ల పది లక్షల పైచిలుకు అంకెలు. ఇక ఆయిలర్ సంఖ్య కంప్యూటర్లలోకే వచ్చి కూర్చుంది. 32 బిట్లలో ఒకటి ప్లస్-మైనస్ గుర్తుకు పోగా, మిగిలిన 31లో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే. 1970 మొదటి రోజు నుంచి సెకన్లను ఇలా లెక్కపెడుతున్న పాత యంత్రాలకు 2038 జనవరి 19 ఉదయం, మన టైము ప్రకారం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు చోటు నిండిపోతుంది.

ఆయిలర్ పద్ధతి మీరూ చేసి చూడాలి. రెండుని పదమూడుసార్లు గుణించి ఒకటి తీస్తే 8,191. ముప్ఫై ఒకటికి రెట్టింపు 62 కదా, ఇక్కడ దాని బదులు పదమూడుకు రెట్టింపు 26. వర్గమూలం 90 దాటి కొంచెం. ఆ లోపల 26తో భాగిస్తే 1 మిగిలేవి 27, 53, 79. ఎనిమిది షరతు పెడితే 79 ఒక్కటే నిలుస్తుంది. ఇక మీకు మిగిలింది ఒక్క భాగహారం. కాగితం తీసుకుని చెయ్యండి.